ఖాజా మామ సున్నపు గీత

నిన్న హనుమకొండలో మా పక్కింటికి సున్నం వేస్తున్నారు. తడి సున్నం వాసన కిటికీలోంచి రాగానే చేతిలో పుస్తకం మూసేశాను. డెబ్బైల చివర్లో వరంగల్‌లో, మిల్లు వెనుక మా గల్లీలో, రోజూ సాయంత్రం నాలుగింటికి ఖాజా మామ ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి సున్నపు గీత గీసేవాడు. ఆరింటి దాకా ఆ రెండు గీతల నడుమ పిల్లలు ఆడుకోవాలి. సైకిలైనా స్కూటరైనా దిగి నడిపించుకుంటూ పోవాలి.

మామ డోర్నకల్ దగ్గర రైల్వే గేటు కాపలా చేసి రిటైరైనవాడు. ఆయనకు పిల్లలు లేరు. గీత మొదలవడానికి కారణం మా బాపు, అంటే మా నాన్న. బాపు మిల్లులో మేస్త్రీ. ఒకరోజు షిఫ్టుకు ఆలస్యమై సైకిలు మీద వేగంగా పోతూ, గోలీలాడుతున్న నా స్నేహితురాలు స్వరూపను గుద్దాడు. ఆమె కాలు విరిగింది. దవాఖానకు ఎత్తుకుపోయిందీ బాపే. కానీ తిరిగొచ్చాక, "పిల్లల్ని ఇంట్ల ఉంచుకోవాలె గని తొవ్వల ఇడిసిపెడ్తరా?" అన్నాడు. ఆ మాటతో స్వరూప తల్లి నన్ను గడప తొక్కనివ్వలేదు. మిగతా పిల్లలూ ఆటలో చేర్చుకోవడం మానేశారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మామ గీత గీసిన మొదటిరోజు మగవాళ్లు నవ్వారు.

"ఏం మామా, ఇదేమన్న డోర్నకల్ గేటా?"

"గేటే. రైలొస్తే కలెక్టరైనా జీపాపి నిలబడ్తడు. పిల్లలొస్తే దిగనీకి మీకేం రోగంరా?"

నవ్వుతూనే దిగారు. బాపు దిగలేదు. రోజూ బెల్లు కొడుతూ గీత మీదుగానే వచ్చేవాడు. తడి సున్నం టైరుకంటి, ఆ తెల్లని జాడ సరిగ్గా మా గుమ్మం దాకా వచ్చి ఆగేది. గల్లీ అంతా చూసేది.

"మామా, మా బాపును జర తిట్టరాదు?" అని బతిమాలాను.

"తిడితే నన్ను జూసి దిగుతడు బిడ్డా. రేపు నేను లేకపోతే?"

నేను చెంబుతో నీళ్లు తెచ్చి ఆ జాడ కడగడం మొదలుపెట్టాను. ఒక సాయంత్రం బాపు చూశాడు.

"ఏం జేస్తానవే?"

"స్వరూప చూస్తది బాపూ."

ఆ రాత్రి బాపు అన్నం సరిగా తినలేదు.

మర్నాడు వాన. మామ గీత గీయలేదు, పిల్లలు బయటికి రాలేదు. స్వరూప ఒక్కతే కట్టు కట్టిన కాలు చాపుకొని వాళ్ల అరుగు మీద కూర్చుంది. బాపు వచ్చాడు. రోజూ గీత ఉండే చోట సైకిలు దిగాడు.

"మేస్త్రీ, ఇయ్యాల గేటు తెరిచే ఉన్నది, పో," అన్నాడు మామ తన గుమ్మంలోంచి.

"ఎరుకే మామా."

వానలో సైకిలు నడిపించుకుంటూ పోయి స్వరూప ముందు ఆగాడు. "కాలెట్లున్నది బిడ్డా?" అని అడిగాడు. ఆమె ఏం చెప్పిందో మా గుమ్మంలో నిలబడ్డ నాకు వినబడలేదు. కాసేపటికి మాత్రం నన్ను గట్టిగా పిలిచింది: "ఏందే, ఆడనే నిలబడ్డవ్? గోలీలు పట్కరా!"

ఎనభైలలో మామ పోయాక కొన్నేళ్లు బాపు ఆ గీత గీశాడు. దిగనివాళ్లను ఆయన కూడా తిట్టలేదు. ఇప్పుడు బాపూ లేడు.

పోయిన నెల పనిమీద ఆ గల్లీకి వెళ్లాను. రెండు వైపులా బండ్లు నిలిపి ఉన్నాయి. పిల్లలెవరూ బయట లేరు. గీత ఉండే చోట స్కూటర్ దిగి నడిపించుకుంటూ పోయాను. వెనకనుంచి ఒకతను హారన్ కొట్టి, "పెట్రోల్ అయిపోయిందా అక్కా?" అని అడిగాడు.

లేదని చెప్పి, ఆ చివరి దాకా నడిచాను.