ఎసరుకొండ

మాది చిత్తూరు జిల్లా. సముద్రం కొత్త. శ్రీకాకుళం వైపు ఒక పల్లెలో, నీళ్లలోకి పొడుచుకొచ్చిన రాళ్లగుట్టను ఎసరుకొండ అంటున్నారు. ఇంటి ముందు బియ్యం కడిగి పెట్టుకుని కూర్చున్న ఒకామెను, అదేం పేరమ్మా అని అడిగాను.

“మా ఆయన పడవ ఆ కొండ దాటి అగుపడితేనే ఎసరెడతాను బాబూ. ముందే వండేస్తే మడిసి తిరిగిరాడని మా బయం,” అంది, కొండ మీంచి చూపు తిప్పకుండానే. పడవ కనిపించేదాకా నేనూ అక్కణ్ణుంచి కదల్లేకపోయాను.

తిరిగొస్తూ తిరుపతిలో చిత్తూరు బస్సెక్కాను. దారిలో మా ఆవిడ ఫోన్ చేసింది.

“యాడుండావు మామా?”

“పూతలపట్టు దాటినా.”

“అయితే సంగటికి ఎసరు పెడతా.”

పెళ్లయినప్పటి నుంచీ అదే మాట అంటోంది. ఆ రోజు మాత్రం వెనక్కి తిరిగి పూతలపట్టు వైపు చూశాను.