నా రక్తమే నాకు మందన్నారు

మూడోసారి లోపల పెట్టిన పిండం కూడా నిలవలేదని తెలిసిన నెలకి, గుంటూరులో మా డాక్టరమ్మ స్కానింగ్ తెర మీద ఒక బూడిదరంగు గీత చూపించారు.

"ఇదమ్మా సమస్య. గర్భసంచి లోపలి పొర ఆరు మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతోంది."

"ఎంత ఉండాలండి?" మా ఆయన అడిగాడు.

"ఏడు దాటితే బాగుంటుంది."

ఆయన తలూపాడు. చీమకుర్తిలో గ్రానైట్ కటింగ్ యూనిట్లో పలకల మందం కొలవడం ఆయన ఉద్యోగం. నాలుగేళ్లుగా ఆసుపత్రుల్లో విన్న మాటల్లో ఆయనకి పూర్తిగా అర్థమైంది ఇదొక్కటే అనుకుంటాను.

మాత్రల మోతాదు పెంచి చూశారు. పొర ఆరు దగ్గరే కూర్చుంది. అప్పుడు డాక్టరమ్మ పీఆర్‌పీ అన్నారు. నా చేతి నుంచి రక్తం తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే పసుపుపచ్చటి ద్రవాన్ని వేరుచేసి, సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి ఎక్కిస్తారట.

"కొందరికి పొర పెరిగింది, కొందరికి పెరగలేదు. గ్యారంటీ అని మాత్రం నేను అనను," అన్నారావిడ.

నేను సైన్సు టీచర్ని. గాయమైన చోట రక్తం గడ్డకట్టడానికి రక్తఫలకికలు, అంటే ఈ ప్లేట్‌లెట్లే, తోడ్పడతాయని ఏటా పిల్లలకి చెప్తాను. రెండు మార్కుల ప్రశ్న. వాటికి ఈ పని కూడా ఉందని పాఠంలో లేదు.

ఇంటికొచ్చి మా అత్తగారికి చెప్పాం. ఆవిడ వయసంతా మిరపచేలల్లో కూలికి వెళ్లిన మనిషి. అంతా శ్రద్ధగా విన్నది.

"ఎవరి రక్తం?"

"నాదే అత్తయ్యా."

"నీ రక్తం తీసి మళ్లీ నీకే ఎక్కిస్తారా?"

"అవును."

"మరి తియ్యడం ఎందుకే అమ్మాయ్?"

టీచరుగా నా దగ్గర జవాబుంది. కోడలిగా చెప్పే ఓపిక లేదు. ఆవిడ నన్ను నమ్మలేక తనే బయల్దేరింది.

ఆసుపత్రిలో నర్సు పెద్ద సిరంజి నిండా రక్తం తీసుకెళ్లి, కాసేపటికి చిన్న సిరంజిలో అడుగున కొంచెం పసుపు నీళ్లతో తిరిగొచ్చింది. అత్తగారు దాన్ని వెలుతురుకి పెట్టించి చూసింది.

"అంత రక్తానికి ఇంతేనా? మజ్జిగ చిలికినా ఇంతకంటే వెన్న పడుద్ది."

నర్సు నవ్వింది. అత్తగారు నవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో బస్టాండుకి వెళ్లే మా ఆటో మిర్చి యార్డు పక్కనుంచి వెళ్లింది. కొత్తకాయ వచ్చే రోజులు. ఘాటు ముక్కుకి తగిలి తుమ్ము రాబోతుంటే అత్తగారు గట్టిగా అరిచి, చీరకొంగుతో నా ముక్కూ నోరూ మూసేసింది.

"తుమ్మొద్దు! మందంతా బయటికొచ్చేసిద్ది."

"ఊపిరాడట్లేదు అత్తయ్యా."

"ఊపిరి ఇంటికెళ్లాక పీల్చుకో."

అయినా తుమ్మాను. వరసగా నాలుగు. తుమ్మితే ఏమీ కాదని డాక్టరమ్మ తర్వాత ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. రెండోసారి ఎక్కించుకున్న రోజు ఆటోని ఊరంతా చుట్టు తిప్పించింది.

తర్వాతి స్కానింగులో పొర ఏడు పాయింట్ నాలుగు వచ్చింది. మా ఆయన ఆ సాయంత్రం రెండుసార్లు అడిగాడు, ఎన్ని చోట్ల కొలిచారని.

ఆసుపత్రి ల్యాబులో దాచిన మా పిండాల్లో మిగిలిన రెండింటినీ లోపల పెట్టారు. పద్నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే మా ఊరి ల్యాబులో పరీక్షకి రక్తం ఇచ్చి బడికి వెళ్లాను. మధ్యాహ్నం స్టాఫ్ రూములో అన్నం తింటుంటే ఫోనొచ్చింది.

"నెగటివ్ అండీ, మేడమ్."

"థాంక్సండీ," అన్నాను. టిఫిన్ బాక్సు కడిగి, ఉష్ణవహనం పాఠం చెప్పడానికి వెళ్లాను. పిల్లలు ఆ రోజు బాగానే విన్నారు.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన చేతులకి అంటిన రాతిపొడి కడుక్కుంటున్నాడు.

"మందం సరిపోయిందిగా," అన్నాడు.

"సరిపోయింది."

"సరిపోయిందిగా మరి," అని మళ్లీ అని, కుళాయి కట్టకుండానే ఏడ్చాడు. పెళ్లైన తర్వాత ఆయన ఏడవడం చూడ్డం అదే మొదటిసారి. కుళాయి నేను కట్టాను. ఇద్దరం ఆ తడి గట్టు మీదే కూర్చున్నాం.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఎప్పటిలాగే ప్రార్థన మనవులు చదువుతున్నారు. ఎవరిదో మోకాళ్ల నొప్పి, ఎవరికో ఉద్యోగం, తర్వాత గర్భఫలం కొరకు నా పేరు. మా అత్తగారు లేచి నిలబడింది.

"అయ్యగారూ, మా కోడలి పేరు అందులోంచి తీసెయ్యండి."

"విశ్వాసం సడలకూడదమ్మా."

"నా విశ్వాసానికేం, బాగానే ఉంది. పిల్లకే ఒంట్లో రక్తం లేదు. సూదులు పొడిచి పొడిచి తీసేశారు. దానికి రక్తం పట్టాలని ప్రార్థన చెయ్యండి."

పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. సంఘమంతా కలిసి నా హిమోగ్లోబిన్ కోసం ప్రార్థించింది. నేనూ ఆమెన్ అన్నాను. అత్తగారు కూర్చుంటూ నా చెయ్యి పట్టుకుంది. సూది గుచ్చిన చోట నొప్పెట్టింది గానీ, చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మళ్లీ గుంటూరు వెళ్లలేదు. ఇంకోసారి చూద్దామా అని మా ఆయన అడగలేదు, నేనూ అనలేదు. ఇదివరకు ఎవరైనా పిల్లలెంతమందని అడిగితే "ఇంకా లేరండీ" అనేదాన్ని. ఇప్పుడు "లేరండీ" అంటున్నాను. ఆ ఒక్క మాట మానడానికి దాదాపు ఏడాది పట్టింది.