ఇంటికి ఒక్క ఫోన్

ఉద్యోగంలో చేరిన కొత్తలో, గచ్చిబౌలిలోని మా ఆఫీసులో, ఒక ఆసుపత్రి రికార్డుల డేటాబేస్‌కు టేబుళ్లు, అంటే వివరాలు దాచే పట్టికలు, నేనే డిజైన్ చేశాను. రోగులు ఎంతమంది పెరిగినా వెతకడం సులువని ఫోన్ నంబరునే గుర్తింపుగా పెట్టాను.

ఒకరోజు ఆసుపత్రివాళ్లు ఉన్నపళంగా రమ్మన్నారు. గోపన్‌పల్లి నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు పడని ఇంజెక్షన్ ఇచ్చారు. అది ఆమెకు పడదని నర్సు ఎప్పుడో నమోదు చేసింది. తర్వాత అదే నంబరుతో కోడలు చూపించుకుంది. కోడలి వివరాలు ఎక్కి అత్తగారివి చెరిగిపోయాయి.

నేను వెళ్లేసరికి ఆవిడ ప్రాణం పోయింది. విషయం తెలిసిన కొడుకు నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"మా ఇంట్ల అందరికి ఒక్కటే ఫోన్ ఉన్నది సార్. గదేమన్న మా తప్పా?"

"మీ తప్పు కాదన్నా" అన్నాను. నాదని మాత్రం అనలేకపోయాను.

మర్నాడు, ఫోన్ నంబరుతో పనిలేకుండా ప్రతి రోగికీ ఆసుపత్రిదే ఒక వేరే నంబరు వచ్చేలా టేబుల్ మార్చాను. గంట కూడా పట్టలేదు.