పెట్టె అందించిన మాట

మార్కాపురంలో పలకల కొట్టాల వీధికి పోయి జీవానందం ఇల్లెక్కడని అడిగితే, "రాయి చీల్చే జీవానందమా, పెట్టె వాయించే జీవానందమా?" అని ఎదురడుగుతారు. ఇద్దరూ ఒకే మనిషి. పగలంతా పలకరాయిని పొరలుపొరలుగా విడదీసిన చేతులే పొద్దువాలాక హార్మోనియం మెట్ల మీద నడిచేవి.

పెట్టె అతనికి ఎవరూ నేర్పలేదు. కుర్రతనంలో బేస్తవారిపేట దగ్గరి చర్చిలో ఒక హార్మోనియాన్ని ఎలుకలు కొరికితే, పాస్టరుగారు దాన్ని బయట పారెయ్యమని ఇచ్చారు. జీవానందం పారెయ్యలేదు. విప్పి, తిత్తికి కొత్త తోలు అంటించి, స్వరం పలికే ఇత్తడి రీడ్ల మీది చిలుము గీకి, మళ్ళీ బిగించాడు. బాగుపడిందో లేదో తెలియాలంటే వాయించి చూడాలి కదా. అట్లా చూస్తూ చూస్తూ వాయించడం పట్టుబడింది. ఎవరైనా మెచ్చుకుంటే, "నాకు సంగీతమేం తెల్సు సామీ, రిపేరు తెల్సు" అనేవాడు.

ఆ రిపేరు మనిషిని నాటకంలోకి లాగింది విశ్వాసం మాస్టారు. బళ్ళో తెలుగు చెప్పేవాడు. 'ఊటబావి' అని పద్యనాటకం రాశాడు. కరువుసీమలో ఒక రాజు బావి తవ్విస్తాడు. ఎంత లోతుకు పోయినా నీళ్ళు పడవు. చివరికి రాజుకూతురే పార పట్టుకుని బావిలోకి దిగుతుంది. అంతే కథ. బళ్ళు మూసెయ్యగానే పలకల కొట్టంలో పిల్లలను కూర్చోబెట్టి పద్యం, నడక, నిలకడ నేర్పడం, మే నెలలో మార్కాపురం, బేస్తవారిపేట, గిద్దలూరు ఆరుబయళ్ళలో ఆడించడం మాస్టారు పెట్టిన పద్ధతి. టిక్కెట్టు లేదు. పద్యం మధ్యలో ఆపి కానుకలిచ్చినవాళ్ళ పేర్లు చదవడమూ లేదు. దీపాలు పెట్టే వేళకు మొదలై చివరి బస్సు కదిలేలోగా తెర పడాలి. మాస్టారు పోయాక కూడా ఆ పద్ధతి పోలేదు. షామియానాల దుకాణం అష్రఫ్ రాజు వేషమూ మైకుసెట్టూ చూసుకున్నాడు. పిల్లలనూ పెట్టెనూ జీవానందం చూసుకున్నాడు.

ఈ నాటక సమాజంలో ఇంకొక పద్ధతి ఉంది. అది జీవానందానిది. నాటకాల్లో పక్కతెర వెనక ఒకడు పుస్తకం పట్టుకుని, మరిచిపోయిన మాట గొణుగుతుంటాడు. ముందు వరసల వాళ్ళకు ఆ గొణుగుడు వినబడుతుంది. జీవానందానికి అది చీదర. అతని నాటకంలో పుస్తకం ఉండదు. పాడేవాళ్ళు ఒక పాదం ముగించి రాగం తీస్తుండగా, తరువాతి పాదం ఏ స్వరం మీద ఎత్తుకోవాలో ఆ స్వరాన్ని పెట్టె ముందే పలుకుతుంది. దానితోపాటే మొదటి అక్షరాన్ని అతను పెదవుల మధ్యనుంచి వదులుతాడు. జనానికి వినబడదు. పాడేవాళ్ళకు చాలు. దీన్నే వాళ్ళు అందింపు అనేవాళ్ళు. "నా పెట్టె ముందర ఇంతవరకు ఎవురూ పడిపోలా" అన్నది జీవానందం ఒక్క గొప్ప. అది నిజం కూడా.

అష్రఫ్‌కు మాత్రం ఆ గొప్ప నచ్చేది కాదు.

"అన్నా, ఒక్కరోజు పెట్టె మూసి పాడిచ్చు పిల్లకాయల్తో. చూస్తాం ఏమయితదో."

"నీళ్ళల్లోకి తోసి ఈత నేర్పేది బర్రెలకు. పిల్లకాయలకు కాదు."

"బర్రెలే నయమన్నా. ఎవురూ అందియ్యకుండానే గట్టెక్కుతాయి."

"పోరా, రాజు వేషమేసి బర్రెల మాటలు" అని జీవానందం కొట్టిపారేసేవాడు.

ఈ వేసవికి రాజుకూతురు వేషం రమ్యకు ఇచ్చారు. తొమ్మిదో తరగతి ముగించిన పిల్ల. తల్లి యల్లమ్మ కూలికి పోతుంది. ఆ గొంతులాంటి గొంతు జీవానందం పెట్టె ముందుకు అంతకుముందు రాలేదు. పద్యం వినగానే పట్టేది. మాట విరిచే చోటు చెప్పక్కర్లేదు. ఇన్నాళ్ళూ మనసులో దాచుకున్న ఆశ ఒకటి అతనికి ఆ పిల్లను చూశాక బయటికొచ్చింది. పాడటం కుదిరాక పెట్టె కూడా ఈ పిల్లకే నేర్పాలి. తన తరువాత నాటకం ఈ పిల్ల చేతిలో ఉండాలి.

ఆశకు తొందర ఎందుకంటే, కుడిచెయ్యి మాట వినడం మానేసింది. ఏళ్ళ తరబడి తాగిన బోరునీళ్ళలోని ఫ్లోరైడు ఎముకల్లోకి ఎక్కిందని డాక్టరు చెప్పాడు. ముందు మెడ బిగిసింది. తరువాత మణికట్టు. ఇప్పుడు వేళ్ళు ఉన్నట్టుండి ముడుచుకునిపోయి, కాసేపటికిగాని విచ్చుకోవు. ఇసుక వేయించి మూటకట్టి కాపడం పెట్టుకునేవాడు. పెట్టె దగ్గర చేతిమీద తువ్వాలు కప్పుకుని, ముడుచుకున్నప్పుడల్లా ఏదో రీడు చూస్తున్నట్టు నటించేవాడు. అష్రఫ్‌కు చెప్పలేదు. చెబితే ఈ యేడు నాటకం ఆపేద్దామంటాడని భయం.

ఆపడానికి గిద్దలూరు వాళ్ళు కాచుకునే ఉన్నారు. స్థలం ఇచ్చే పెద్దమనిషి పుల్లయ్య ముందే తేల్చి చెప్పాడు.

"జీవానందమన్నా, నీకు లేదని చెప్పలేక ఇస్తాండా. మా కుర్రోళ్ళు ఆర్కెస్ట్రా పెట్టియ్యమని నా పానం తీస్తాండారు. ఈ యేడు జనం కుదురుగా కూర్చుంటే సరే. లేచిపోయినారంటే మాత్రం వచ్చే యేడు నన్ను అడగబాక."

మార్కాపురంలో, బేస్తవారిపేటలో స్థలాలు ఎప్పుడో పోయాయి. ఒకచోట కాంప్లెక్సు లేచింది. ఇంకొకచోట కమిటీ మారింది. మిగిలింది గిద్దలూరు ఒక్కటే. అక్కడ కుదిరితే నాటకానికి ఇంకో వేసవి ఉంటుంది. లేకుంటే లేదు.

ఆ సాయంత్రం జనం బాగానే వచ్చారు. ఆడవాళ్ళు చాపలు పరిచారు. కుర్రవాళ్ళు మోటారు సైకిళ్ళ మీదనే కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఎండ పోయినా నేలలోంచి సెగ పోలేదు. జీవానందం స్టేజీకి కుడిపక్క, కింద, ఎప్పటి చోటనే కూర్చున్నాడు. పాడేవాళ్ళు కళ్ళు దించితే అతని చేతులు కనబడాలి. అదీ పద్ధతే.

రాజు ప్రవేశించాడు. పాతగళం, నిలకడైన నడక. మోటారు సైకిళ్ళ మీది తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి. బావి తవ్వే దృశ్యంలో పిల్లలు పారలు పట్టుకుని వంగి లేస్తుంటే, ముసలామె ఒకతె "అయ్యో, పడలేదా నాయనా నీళ్ళు!" అని నిజంగానే బాధపడింది. పుల్లయ్య వెనక్కి తిరిగి కుర్రవాళ్ళ వంక చూసి మీసం దువ్వుకున్నాడు. జీవానందానికి అది కనబడింది. ఇంక ఒక్క పద్యం దాటితే చాలు అనుకున్నాడు.

రమ్య వచ్చింది. పార భుజాన పెట్టుకుని, బావి గట్టు మీద నిలబడి ఎత్తుకుంది.

"తవ్వి తవ్వి చేతులరిగె, తల్లి! నీరు..."

'నీరు' దగ్గర రాగం తీసింది. ఆ రాగం పైకి పోయి, అక్కడ తిరిగి, మెల్లగా దిగి వస్తోంది. ఆరుబయలంతా చడీచప్పుడు లేదు. ఇప్పుడు పెట్టె పలకాలి. 'జా' అని అక్షరం అందాలి.

జీవానందం వేళ్ళు ముడుచుకున్నాయి.

తిత్తి వదిలేసి ఎడమచెయ్యి తెచ్చాడు. వేలు వేరే మెట్టు మీద పడింది. గాలి అయిపోయి అది కూడా మూలుగులాగా ఆగిపోయింది. నోటితోనైనా అందిద్దామని "జాడ" అనబోయాడు. ఇన్నేళ్ళ పలకరాతి దుమ్ము గొంతుకు అడ్డుపడింది. దగ్గు తెర తెరలుగా వచ్చింది.

రమ్య మళ్ళీ "నీరు" అంది. రాగం తీసి, కళ్ళు దించి అతని చేతుల వంక చూసింది. మళ్ళీ "నీరు" అంది. ఈసారి రాగం రాలేదు.

"పిల్లకు నీళ్ళియ్యండ్రా ఎవురన్నా! అప్పట్నించి అడుగుతాంది!" అని మోటారు సైకిళ్ళ వైపునుంచి కేక.

నవ్వు ఒకచోట మొదలై ఆరుబయలంతా పాకింది. బాధపడిన ముసలామె కూడా నవ్వింది. నీళ్ళ సీసా ఒకటి వచ్చి స్టేజీ మీద పడి దొర్లింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. అష్రఫ్ కిరీటం పట్టుకుని పరుగున వచ్చి, పద్యం లేకుండా మాటలతోనే కథ ముగించే ప్రయత్నం చేశాడు గానీ, అప్పటికే ఆడవాళ్ళు చాపలు చుట్టుకుంటున్నారు. తెర దించారు. చివరి బస్సుకు ఇంకా బోలెడు వ్యవధి ఉంది.

తెర వెనక రమ్య ఏడవలేదు. ముఖాన రంగుతోనే పెట్టె దగ్గరికి వచ్చి నిలబడింది.

"తాతా, నాకు పద్యం వచ్చు."

"తెల్సు పాపా."

"అంతా వచ్చు. నీ పెట్టె పలికితేనే వస్తది. అది పలక్కపోతే లోపల ఏమీ లేదు తాతా. ఖాళీగా ఉండాది."

జీవానందం కుడిచేతిని ఎడమచేత్తో విప్పదీస్తున్నాడు. అష్రఫ్ వచ్చి ఆ చేతిని చూశాడు.

"ఎప్పట్నించి అన్నా?"

"పోయిన యేడు నించి."

అష్రఫ్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కిరీటం పక్కన పెట్టి, షామియానా తాళ్ళు విప్పడానికి పోయాడు.

చెయ్యి ఒక్కటే అయితే జీవానందం ఆ రాత్రి నిద్రపోయి ఉండేవాడు. చెయ్యి రోగానిది. ఆ పిల్లలోని ఖాళీ మాత్రం తన చేతి పని. పలకరాయిలో పొర ఎక్కడుందో వేలితో తట్టి చెప్పగలవాడు, పిల్లల్లో ప్రతి పాదం సందున తానే ఒక పగులు పెడుతున్నానని కనుక్కోలేకపోయాడు. ఎవరూ పడిపోలేదంటే ఎవరూ నిలబడనూ లేదన్నమాట. మాస్టారి కాలం నుంచి తన ముందు పాడి వెళ్ళిన పిల్లలందరినీ ఒక్కొక్కరినే తలచుకున్నాడు. పెద్దయ్యాక వాళ్ళలో ఒక్కరైనా పెళ్ళిలోనో పండగలోనో ఆ పద్యం పాడారని అతను వినలేదు. ఎందుకు వినలేదో ఇప్పుడు తెలిసింది.

మరునాడు కొట్టానికి పోయి పెట్టె మూతపెట్టి కూర్చున్నాడు. పెట్టె లేకుండా మొదటినుంచి నేర్పాలని. పిల్లలు రాలేదు. ఆ తరువాతి రోజూ రాలేదు. ఫోన్లో తీసిన ముక్క అప్పటికే ఊరంతా తిరుగుతోంది. రమ్య 'నీరు' అన్నప్పుడల్లా నవ్వే బొమ్మలు అంటించారు. వీధిలో ఆ పిల్ల కనబడితే చాలు, "ఏమ్మే, దొరికినయ్యా నీళ్ళు?" అని అడగడం మొదలుపెట్టారు.

పుల్లయ్య ఫోన్ చేశాడు. మంచివాడు. నసిగి నసిగి, జీవానందం ఆరోగ్యం గురించి అడిగి పెట్టేశాడు. వచ్చే యేటి మాట ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు.

యల్లమ్మ హైదరాబాదుకు బిల్డింగు పనికి పోతున్నదని జీవానందానికి ముందే తెలుసు. రమ్యను అమ్మమ్మ దగ్గర ఉంచి పదో తరగతి చదివిస్తానని చెప్పింది కూడా. పోయే రోజున తల్లీకూతుళ్ళిద్దరూ సంచులతో బస్టాండుకు పోతున్నారని అష్రఫ్ చెబితే, జీవానందం లేచి నడిచాడు. మెడ తిరగదు కాబట్టి ఒళ్ళంతా తిప్పుకుంటూ, బస్సుల మధ్య వెతికి పట్టుకున్నాడు.

"ఏంది యల్లమ్మా ఇది? పాపను ఉంచి పోతానంటివి కదా."

"నేనేం చేసేది మామా? అదే ఉండనంటాది. బడికి పోతే నవ్వుతారంట. బిల్డింగు కాడైతే ఎవురికీ తెల్దంట."

రమ్య సంచి పట్టుకుని తల వంచుకుంది. జీవానందం ఆ పిల్ల ముందు నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"పాపా, ఒక్కసారి పాడు. పెట్టె లేదు, చూడు. చేతులు గూడా లేవు. నీకోసరం పాడుకో."

"వొద్దు తాతా."

"నాకోసరం."

పిల్ల అటూ ఇటూ చూసింది. కంభం బస్సుకు జనం తోసుకుంటున్నారు. ఎవరూ ఇటు చూడటం లేదు. కళ్ళు మూసుకుని, గొంతు తగ్గించి ఎత్తుకుంది.

"తవ్వి తవ్వి చేతులరిగె, తల్లి! నీరు..."

రాగం పైకి పోయింది. తిరిగింది. దిగి వచ్చి ఆగింది. రమ్య కళ్ళు తెరిచింది. అతని భుజాల వెంట కిందికి, చేతులు ఉండాల్సిన చోటికి చూసింది.

జీవానందం పళ్ళు బిగబట్టాడు. ఈసారి ఇవ్వకూడదు. ఎంతసేపైనా సరే, ఆ మాటను ఆ పిల్లే వెతుక్కోవాలి. దొరికిందంటే ఇంకెక్కడ ఉన్నా దానిదే. పిల్ల పెదవులు కదిలాయి. మూసుకున్నాయి. యల్లమ్మ "మన బస్సొచ్చింది, రాయే" అని చెయ్యి పట్టుకుంది. మెట్టు మీద కాలు పెట్టి కూడా రమ్య వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. స్టేజీ మీద చూసిన చూపే అది.

అతను తట్టుకోలేకపోయాడు.

"జాడ" అన్నాడు.

"జాడ లేని యీ నేలకు సాక్షి నేను!"

అక్కణ్ణించి పద్యం ఏరులాగా వచ్చింది. ఒక్క మాట తడబడలేదు, ఒక్క స్వరం జారలేదు. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మరిచాడు. సీట్లో కూర్చున్నాక కూడా కిటికీలోంచి చివరి పాదం దాకా పాడి, ఎన్నాళ్ళకో నవ్వి, చెయ్యి ఊపింది రమ్య.

"వచ్చింది తాతా! చూస్తివా, వచ్చింది!"

బస్సు కదిలింది. జీవానందం కూడా చెయ్యి ఊపుదామని వెనకనుంచి తీశాడు. వేళ్ళు విచ్చుకోలేదు. పిడికిలినే ఎత్తి ఊపాడు.