మూడో గుండుకు మొరాయించే రైఫిల్

వరంగల్ స్టేషన్ రోడ్డులో కిషన్ రావుది తుపాకుల దుకాణం. అక్కడికి వచ్చినవాళ్లు ముందు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న కిషన్ రావుకు నమస్కారం పెడతారు. తర్వాత మూలన స్టూలు మీద కూర్చున్న రాయమల్లు వైపు కొంచెం భయంగా చూస్తారు. దుకాణం కిషన్ రావుదే గాని, అందులోని తుపాకులు వినేది రాయమల్లు మాటే.

డెబ్బై ఏళ్ల మనిషి. పరకాల పక్క పల్లెలో కమ్మరి కొలిమి ముందు పుట్టాడు. తండ్రి నాగలి కర్రులు సాగదీస్తుంటే తాను తిత్తి ఊదేవాడు. పద్దెనిమిదేళ్లకు పొట్ట చేతబట్టుకుని వరంగల్ వచ్చి, కిషన్ రావు తండ్రి దగ్గర పనికి కుదిరాడు. అప్పటినుంచి అదే మూల. స్టూలు మూడుసార్లు విరిగి మారింది గాని మనిషి మారలేదు.

బ్యాంకు గార్డుల డబుల్ బ్యారెళ్లు, పాత దొరల వేట తుపాకులు, ఎలక్షన్లు రాగానే దుకాణంలో డిపాజిట్ చేసి ఫలితాలు వచ్చాక తీసుకుపోయే లైసెన్సుదారుల ఆయుధాలు, ఇలా అతని చేతుల మీదుగా పోనిది లేదు. అయినా రాయమల్లు తన జన్మలో ఒక్కసారి కూడా గురిచూసి పేల్చలేదు. బాగుచేసినదాన్ని వెనక పెరట్లోకి తీసుకుపోయి, ఇసుక నింపిన ఇటుకల తొట్టిలోకి పేల్చి చూస్తాడు. పేలితే పని అయిపోయినట్టే. ఎక్కడ తగిలిందన్నది అతనికి అక్కర్లేని సంగతి.

ఇంకో మొండిపట్టు కూడా ఉంది. ఏది కొనమంటావని అడిగితే చచ్చినా చెప్పడు. దేంట్లో ఏ లోపం ఉందో మాత్రం చెప్తాడు. "కొనెటోని చెయ్యి నాకెట్ల ఎర్కైతది?" అని కసురుతాడు. దీనివల్ల కిషన్ రావుకు పోయిన బేరాలు తక్కువేం కాదు. అయినా పల్లెత్తు మాట అనడు. అంటే ఆ ముసలాయన స్టూలు దిగి వెళ్లిపోతాడని ఆయన భయం.

కిందటేడు వినాయక చవితి అయిన మూడో రోజు, శుక్రవారం పొద్దున, మండపంలో పాటలు రోడ్డంతా మోగుతుంటే ఇద్దరు దుకాణం మెట్లెక్కారు. ఒకరు రఘునాథపల్లి రైతు కట్టయ్య. రెండోది ఆయన కూతురు కావ్య, ఇరవై మూడేళ్ల పిల్ల. చున్నీ కొంగు కుడిచేతి మీదుగా కప్పుకుంది. ఎడమచేత్తో ప్లాస్టిక్ కవరులోంచి లైసెన్సు కాగితాలు తీసి గల్లా మీద పెట్టింది.

"పాయింట్ టూ టూ రైఫిల్ గావాలె అంకుల్. సెల్ఫ్ లోడింగ్‌ది," అంది.

రాయమల్లు తల ఎత్తాడు. గురి నేర్చుకునే పిల్లలు సాధారణంగా బోల్టు రైఫిలే అడుగుతారు. అందులో ప్రతి గుండుకూ బోల్టు అనే ఇనుప పిడిని చేత్తో వెనక్కి గుంజి, ముందుకు నెట్టాలి. సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ అయితే ఒక్కసారి గుంజితే చాలు, ఆ పైన ఆ పని తనే చేసుకుంటుంది.

"గదే ఎందుకు? బోల్టుది సస్తగ వస్తది, సతాయించది," అన్నాడు.

కావ్య చున్నీ తీసింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయి ఉంది.

"గడ్డి కోసే మిషన్ల పోయింది తాతా. డిగ్రీ సెకండియర్ల. అప్పటికి ఎన్సీసీల నేనే ఫస్టు షూటర్ను," అంది, ఎవరి సంగతో చెప్తున్నట్టు మామూలుగా. "ఇప్పుడు ఎడమ భుజానికి పెట్టి కొడ్తాన. ఇసుక సంచి మీద ఆనిచ్చి, ఈ మొండిచెయ్యితోని అదిమి పట్టుకుంట. కని బోల్టు గుంజాలంటె ఉన్న ఒక్క చెయ్యి తియ్యాలె. చెయ్యి తీసుడుతోనే గురి పోతది. మల్ల మొదటికొస్తది."

కట్టయ్య అందుకున్నాడు. "క్లబ్బుల ఉన్నయన్ని బోల్టు తుపాకులేనే అన్నా. సొంతంది కొనుక్కుంట అని మూడేండ్లు తిరిగింది లైసెన్సు కోసం. డాక్టరు సర్టిఫికెట్ కాడ్నే ఏడాది పట్టింది. ఒంటిచేతి పిల్లకు తుపాకేంది అని అడగని మనిషి లేడు. రేపటి శనివారంతోని ఈ కాగితం గడువు అయిపోతది. రేపటిలోపల కొనకపోతె మల్ల అన్నీ మొదట్నుంచే. ఈసారి ఇస్తరన్న ఆశ నాకైతె లేదు."

"తుపాకి పట్టుకుంటెనే నాకు చెయ్యి లేదన్న సంగతి యాదికుండది తాతా," అంది కావ్య.

రాయమల్లు లేచి బీరువా తాళం తీశాడు.

సెల్ఫ్ లోడింగ్‌వి దుకాణంలో రెండే ఉన్నాయి. మొదటిది విదేశీ సరుకు, కొత్తదానికి తీసిపోదు. ధర వినగానే కట్టయ్య మొహం వాడిపోయింది. రెండోది నల్లబడిన కర్రతో, బక్కగా, ఎవరికీ పట్టనట్టు మూలన ఉంది. పరకాల దొర ఒకాయన పదకొండేళ్ల కిందట ఎలక్షన్ల ముందు డిపాజిట్ చేసి, తీసుకుపోకుండానే పోయాడు. ఆయన కోడలు వరలక్ష్మి ఎంతకైనా అమ్మేయమని కాగితం రాసిచ్చింది. ధర మొదటిదానిలో నాలుగో వంతు.

"గింత తక్కువెందుకు?" అంది కావ్య.

"మూడో గుండుకు మొరాయిస్తది," అన్నాడు రాయమల్లు. లోపం దాచే అలవాటు అతనికి లేదు. "రెండు మంచిగ పేలుతయి. మూడోది పేలినంక తూటా ఖాళీ తొడుగు బయటికి రాదు, అండ్లనే ఇరుక్కుంటది. స్ప్రింగు రెండుసార్లు మార్చిన. బ్యారెల్ కడిగిన. బాగుచేసినప్పుడు నడుస్తది, ఏడాది తిరిగేసరికి మల్ల గదే రోగం. దీని పుట్టుకలనే ఏదో తేడా ఉన్నది. వద్దు బిడ్డా."

కట్టయ్య కూతురి మొహం వైపు చూడలేక రోడ్డు మీదికి చూశాడు. కావ్య మాత్రం రైఫిల్‌ను గల్లా మీదికి తెప్పించుకుంది. బోల్టును ఎడమచేత్తో వెనక్కి గుంజి ఆపి, ఖాళీగా ఉందో లేదో చూసుకుంది. ఫోను టార్చి వెలిగించి తండ్రి చేతికిచ్చి, రైఫిల్ పక్కనున్న సందులోకి వెలుగు కొట్టమంది. ఖాళీ తొడుగులు బయటికి ఎగిరేది ఆ సందులోంచే. చాలాసేపు చూసింది. ఆ చూసే తీరు రాయమల్లుకు నచ్చింది. తొందర లేదు, మొహంలో ఆశా లేదు, నిరాశా లేదు.

"ఏటా ఎప్పుడు మొరాయిస్తది తాతా? ఎండకాలమా, వానకాలమా?"

యాభై రెండేళ్లలో ఎవరూ అతన్ని ఈ ప్రశ్న అడగలేదు. అతను కూడా తనను తాను అడగలేదు. ఆలోచించాడు. "దీపావళి తర్వాతనే ఎక్వ," అన్నాడు.

కావ్య చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసింది. ఖాళీ తొడుగును పట్టి బయటికి లాగే చిన్న కొక్కెం ఒకటి ఉంటుంది బోల్టుకు. దాని కింది సందు, గోరు కూడా పట్టనంత సన్నం. పిన్నీసు మొన అక్కడ పెట్టి మెల్లగా గీకింది. నల్లటి ముద్ద ఒకటి, ఆవగింజంత, గల్లా మీద పరిచిన తెల్లగుడ్డ మీద రాలింది.

"పొగ మసి," అన్నాడు రాయమల్లు. "ఈ చిన్న తూటాలకు మసి ఎక్వ."

"జర కిరసనాయిలు పొయ్యి తాతా."

రెండు చుక్కలు పోశాడు. వేలితో నలిపింది కావ్య. మసి అయితే గుడ్డ నల్లబడాలి. ఎర్రగా పాకింది. దాని చుట్టూ సన్నగా పసుపుపచ్చ అంచు.

"కుంకుమ గదా ఇది," అన్నాడు కట్టయ్య అమాయకంగా.

కిషన్ రావు గోడమీది దుర్గమ్మ పటం వైపు చూశాడు. రాయమల్లు స్టూలు మీద కూలబడ్డాడు.

ప్రతి దసరాకూ ఆ దుకాణంలో ఆయుధపూజ. బీరువాల్లోని తుపాకులన్నీ తెల్లదుప్పటి మీద వరసగా పడుకోబెట్టి, నువ్వులనూనె రాసి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టేది రాయమల్లే. ఆ పని ఇంకొకరి చేత చేయనివ్వడు. తలంటుకుని, ఉపాసం ఉండి, చేతినిండా కుంకుమ తీసుకుని మరీ పెడతాడు. మర్నాడు పైపైన తుడిచి లోపల పెట్టేస్తాడు. డబుల్ బ్యారెల్ తుపాకీకి అది ఏమీ చేయదు, మూసి ఉన్న ఇనుములోకి కుంకుమ పోదు. ఈ బక్క రైఫిల్‌కు పక్కన సందు ఉంది. పదకొండు దసరాలు, తన భక్తినంతా ఆ సందులోకి తనే పోశాడు. లోపల నూనె గట్టిపడి, కుంకుమను పట్టుకుని కూర్చుంది. మూడో తొడుగుకల్లా కొక్కెం కదలకుండా పోయింది.

"మా బాపు బోరు మోటరు డబ్బకు గిట్లనే ఏటా బొట్లు పెడ్తడు తాతా. నూనె కూడ పోస్తడు. పండుగ అయినంక మోటరు నడువది," అంది కావ్య. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. కట్టయ్యకు మాత్రం కొంచెం సిగ్గేసింది.

రాయమల్లుకు ముందు సిగ్గేసింది, ఆ తర్వాత తన మీద తనకే కోపం వచ్చింది. చివరికి ఈ రెండూ పోయి ఒట్టి ఆశ్చర్యం మిగిలింది. అర్ధశతాబ్దం అనుభవంతో తాను కనుక్కోలేనిది, ఒక్క చెయ్యి ఉన్న పిల్ల పిన్నీసుతో బయటికి తీసింది.

"దీనికి పుట్టుకల ఏ రోగం లేదు సేటూ," అన్నాడు. "నేనే అంటించిన."

గంటసేపు దాన్ని విప్పి కడిగాడు. ప్రతి సందూ పిన్నీసుతోనే గీకాడు, ఆ పిన్నీసు తిరిగి ఇవ్వడం మరిచిపోయాడు కూడా. తర్వాత నలుగురూ పెరట్లోకి నడిచారు. కావ్య కింద పరుచుకున్న గోనెసంచి మీద బోర్లా పడుకుంది. ఇసుకమూట మీద రైఫిల్ ఆనించి, మొండిచేతితో అదిమింది.

"కొట్టడానికి ఏదన్న పెట్టు తాతా. ఒట్టి ఇసుకల ఏం జూడాలె?"

రాయమల్లు లోపలికి పోయి క్యాలెండర్ లోంచి ఒక కాగితం చింపి తెచ్చాడు. కావాలని తెచ్చాడో, చేతికి అందింది తెచ్చాడో గాని అది మర్నాటి కాగితం, శనివారం, ముప్పయ్యో తారీకు. ఇటుకల తొట్టి ముందు గుచ్చి పక్కకు వచ్చి, రైఫిల్‌లో పది తూటాలు నింపాడు.

కావ్య బోల్టు ఒక్కసారి గుంజి వదిలింది. ఊపిరి సగం వదిలి ఆగింది. తుపాకీ టప్పుమంది. ఖాళీ తొడుగు ఎగిరి గోడ పక్కన పడింది. రెండోది పడింది. రాయమల్లు తనకు తెలియకుండానే కళ్లు మూసుకున్నాడు. మూడోది పేలింది, తొడుగు నేలమీద పడి ఖణేలుమంది. కళ్లు తెరిచేసరికి నాలుగు, ఐదు. ఆ పిల్ల చెయ్యి కదలడం లేదు, భుజం కదలడం లేదు, చూపుడువేలు ఒక్కటే మెత్తగా వంగుతోంది. చిటికెన వేలి కణుపంత తూటా తన పేలుడు బలంతోనే బోల్టును వెనక్కి తోసి, తన తొడుగును తనే బయటికి విసిరి, వెనకున్నదానికి దారి ఇస్తోంది. ఈ పని రాయమల్లుకు ఎప్పటినుంచో తెలుసు. కానీ ఎవరి కోసం అలా చేస్తుందో ఆ రోజే తెలిసింది. పదీ పేలాయి.

కాగితం తెచ్చి చూశాడు. ముప్పైలో మూడు అలాగే ఉంది. పక్కనున్న సున్నా లోపల తెలుపు లేదు, ఒకే ఒక్క కంత ఉంది. రాయమల్లు ఆ కంతలోంచి ఆకాశం చూశాడు. అతని కళ్లు తడిసి ఉన్నాయి, తుడుచుకోలేదు. గురి అంటే ఇదా అనుకున్నాడు. ఇన్నేళ్లూ ఈ వింత పక్కనే కూర్చుని, ఇటు తిరిగి చూడనే లేదు.

"ఇది తీస్కపో బిడ్డా," అన్నాడు.

కిషన్ రావు నోరు తెరిచి అతన్ని చూశాడు. రాయమల్లు ఒక తుపాకీ కొనమని చెప్పడం ఆయన పుట్టి పెరిగాక విన్నది అదే మొదటిసారి. బాగైన రైఫిల్‌కు ధర పెంచుదామన్న ఆలోచన ఆయనకు వచ్చింది, వచ్చిన మాట నిజం. ముసలాయన మొహం చూసి ఆ ఆలోచన మింగేసి, పాత ధరకే బిల్లు రాశాడు. కాగితాల మీద ఆ రోజు తారీకుతోనే సంతకాలు అయ్యాయి.

దసరా పొద్దున కావ్య మళ్లీ వచ్చింది, రైఫిల్ సంచితో సహా. దుకాణంలో పూజ మొదలైంది. తెల్లదుప్పటి మీద తుపాకులన్నీ వరసగా ఉన్నాయి. ఈసారి సందులున్న చోటల్లా రాయమల్లు గుడ్డలు చుట్టాడు, కర్ర మీద మాత్రమే బొట్టు పెడుతున్నాడు. కావ్య తన రైఫిల్‌ను వరస చివర పడుకోబెట్టింది.

రాయమల్లు కుంకుమ భరిణతో దాని దగ్గరికి వచ్చి ఆగాడు. కిషన్ రావు ఎదురు చూస్తున్నాడు. రాయమల్లు రైఫిల్ మీదికి వంగలేదు. కావ్య ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"చెయ్యి పట్టు బిడ్డా."

కావ్య ఎడమచెయ్యి చాపింది. చూపుడువేలి మీద పసుపు రాసి, చిన్న కుంకుమ బొట్టు పెట్టాడు.

"అది గూడ ఇయ్యి," అన్నాడు.

కావ్య చున్నీ తొలగించి మొండిచెయ్యి ముందుకు తెచ్చింది. చెయ్యి పోయినప్పటినుంచి నలుగురిలో దాన్ని ఒకరి చేతికి అందించడం అదే మొదలు. రాయమల్లు దానికి పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు, మిగతా ఆయుధాలకు పెట్టినట్టే వంగి దాన్ని కళ్లకద్దుకున్నాడు.