సర్వర్‌కు ఒకటో నంబరు

హైటెక్ మోజు మొయినాబాద్ దాంక పాకిన రోజులవి. మా విత్తనాల కంపెనీల నెట్‌వర్క్ చూడనీకి వచ్చే ఆ అక్క ఏ మిషన్‌నూ తిట్టేది కాదు. "ముందు పలకరిద్దాం తమ్మీ" అని బల్లను రెండు వేళ్లతో తట్టి, అవతలి మిషన్‌కు పింగ్ కొట్టేది.

ఆ రోజు మా కొత్త సర్వర్‌కు, చేవెళ్ల గోదాంకు మాటల్లేవు. సర్వర్ ఒక కంపెనీది, రూటర్ ఇంకో కంపెనీది. రెండు కంపెనీల ఇంజినీర్లు తప్పు అవతలి డబ్బాదే అన్నరు. "సాయంత్రందాంక చూస్త. కాకుంటే అన్నీ వాపస్, నువ్వు కూడ" అన్నడు మా కంపెనీ ఓనరు సేటు నాతోని. నాకప్పటికి తీగలు తగిలించుడు వచ్చింది గని, తెలివి ఇంకా తగల్లేదు.

అక్క బల్ల తట్టింది. ఒకసారి జవాబొచ్చింది, ఇంకోసారి రాలేదు.

"సర్వర్‌కు నెట్‌వర్క్‌ల అడ్రస్ నంబరెవరు ఇచ్చిన్రు?"

"నేనే అక్కా. అన్నిట్ల పిరమైనది, ఎక్కువ పైసలు పోసి కొన్నది, ఒకటో నంబరు దానికే ఇయ్యమన్నడు సేటు."

"ఒకటి రూటర్‌ది కద! డబ్బాలు ఏ కంపెనీవైనా కలుస్తయి గని, రెండిటికి ఒకటే నంబరైతే పిలుపు దేనికి పోవాలె?"

సేటు మొహం చిన్నబోయింది. "పది పెడదాం సేటూ, ఒకటి కన్న పెద్దదే" అన్నది అక్క.

మార్చిన. చేవెళ్ల సరుకు జాబితా మొత్తం తెర మీద దిగింది. కొట్లాడిన ఇంజినీర్లిద్దరు చేతులు కలిపిన్రు.

"రేపు శంకర్‌పల్లి గోదాం కూడ కలపమ్మా" అన్నడు సేటు.

"దానికి నేనెందుకు?" అని ఆమె నా దిక్కు చూపించింది. "తమ్ముడున్నడు కద!"