కాగితం మీది ఏడాది

ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేసే ఇశ్రాయేలు కొలవనిదే దేన్నీ నమ్మడు. ఇనుప కడ్డీని వెంట్రుకవాసి చెక్కి, మిషను ఆపి, కొలిచి, మళ్ళీ తిప్పుతాడు. డయాలసిస్‌లో ఉన్న కూతురు ఏంజెల్‌కి రోజు మొత్తానికి డాక్టరు తాగనిచ్చిన కాసిని నీళ్ళు కూడా సీసా మీద గీత గీసి పోస్తాడు. అతని ఫోను జేబులో పాలిథిన్ కవరులో ఉంటుంది. మోగితే చేతులు శుభ్రంగా తుడుచుకునే తీస్తాడు. కిడ్నీ దొరికిందని ఆసుపత్రి నుంచి వచ్చే కబురు జిడ్డు చేతిలోంచి జారిపోకూడదని అతని జాగ్రత్త. కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకి ముందు చోటిస్తారు. అతని ధైర్యమంతా అదే.

మొన్న సోమవారం, ఏంజెల్ పేరు పెద్దవాళ్ళ వరుసలోకి మారిందని ఆసుపత్రిలో జాబితా చూసే భానుశ్రీ చెప్పింది. "దానికింకా పదిహేడేనండీ" అంటూ అతను పుట్టిన తేదీ వేసి చర్చివాళ్ళిచ్చిన బాప్తిస్మం కాగితం తీశాడు. "ఆధార్‌లో, బడి సర్టిఫికెట్‌లో పద్దెనిమిది నిండాయండీ. మేం చూసేది అవే" అందామె. అప్పట్లో ఏంజెల్‌ని ఒకటో తరగతిలో చేర్చడానికి వయసు చాలదన్నప్పుడు, "ఓ ఏడాది ఎక్కువేసేయండి మాస్టారూ, ఏం పోద్ది" అన్నది ఇశ్రాయేలే.

బయట బెంచీ మీద కూర్చున్న ఏంజెల్, "ఏమన్నారు నాన్నా?" అంది.

"పెద్దదానివయ్యావంట."

"అయితే ఇంక నీళ్ళు నేనే కొలుచుకుంటాలే."

మర్నాడు లేత్ దగ్గర ఫోను మోగింది. ఇశ్రాయేలు చేతిలో కడ్డీ కొలిచి పక్కన పెట్టి, చేతులు తుడుచుకోకుండానే తాపీగా తీశాడు.